భూమ్మీద బరువు లేని గది ఉందా? వ్యోమగాముల శిక్షణ, పైన వారి దినచర్య

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. ఏడో తరగతిలో అంతరిక్షం పాఠం చెబుతుండగా ఒక విద్యార్థి లేచి, వ్యోమగాములకు శిక్షణ ఇవ్వడానికి భూమ్మీద ఎక్కడైనా బరువు లేని గది ఉందా, మీట నొక్కగానే అందులో అందరూ గాలిలో తేలతారా అని అడిగాడు. మీరు మర్నాడు చెబుతానన్నారు. దానితోపాటు, పైకి వెళ్లాక వాళ్లు ఎలా తింటారు, ఎలా పడుకుంటారు, ఎలా శుభ్రంగా ఉంటారు అన్నవి కూడా ఒక్క పీరియడ్‌లో పిల్లలకు అర్థమయ్యేలా ఎలా చెప్పాలని అడుగుతున్నారు.

సూటిగా చెబితే, అలాంటి గది ప్రపంచంలో ఎక్కడా లేదు. గురుత్వాకర్షణను ఆపే మీటను ఎవరూ కనిపెట్టలేదు. అందుకే శిక్షకులు భారరహిత స్థితిని ముక్కలుగా విడదీసి ఒక్కో ముక్కను ఒక్కో చోట నేర్పుతారు. తేలితే ఎలా ఉంటుందో విమానంలో ఇరవై సెకన్లపాటు చూపిస్తారు, తేలుతూ పని చేయడం పెద్ద నీటి కొలనులో గంటల తరబడి చేయిస్తారు. శిక్షణలో ఎక్కువ భాగానికి తేలడంతో సంబంధమే ఉండదు. అది యంత్రాల ఆనుపానులు తెలుసుకోవడం, అవి మొరాయించినప్పుడు కంగారు పడకుండా పని చక్కబెట్టడం. ఇక పైన జీవితం విషయానికి వస్తే, నేల మీద బరువు మనకు తెలియకుండానే చేసిపెట్టే పనులన్నిటినీ అక్కడ గాలితోనో, పట్టీతోనో, పంపుతోనో చేయించుకోవాలి. ఈ ఒక్క సూత్రం పిల్లల చేతిలో పెడితే మిగతావి చాలావరకు వాళ్లే ఊహించి చెబుతారు. మీ పీరియడ్ అంతా ఈ సూత్రం చుట్టూనే నడపమని నా సలహా.

నేను ఇరవై ఏళ్లకు పైగా బడి పిల్లలకు అంతరిక్ష విజ్ఞానాన్ని చిన్న చిన్న ప్రయోగాలతో చెప్పే పనిలో ఉన్నాను. వ్యోమగామిని కాను. కాబట్టి ఇక్కడ రాసినవాటిలో పైన జరిగినవి వ్యోమగాములు, అంతరిక్ష సంస్థలు బహిరంగంగా చెప్పినవి. తరగతి గదిలో జరిగినవి మాత్రం నా సొంతం.

ముందు "గురుత్వాకర్షణ ఉండదు" అనే మాటను తీసేయండి

మొదటి కొన్నేళ్లు నేను కూడా "పైన గురుత్వాకర్షణ ఉండదు, అందుకే తేలతారు" అనే చెప్పేవాణ్ణి. ఒకసారి వెనక బెంచీలో కూర్చున్న అమ్మాయి, "ఆకర్షణే లేకపోతే ఆ స్టేషన్ భూమి చుట్టూ ఎందుకు తిరుగుతుంది సార్, సూటిగా ఎటో వెళ్లిపోవాలి కదా" అని అడిగింది. తడబడ్డాను. ఆ పిల్ల మాటే సరైనది, నేను చెప్పిందే తప్పు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంది. అక్కడ భూమి ఆకర్షణ నేల మీద ఉన్నదానిలో దాదాపు 90 శాతం ఉంటుంది. అంత ఎత్తు నిచ్చెన వేసి చివరి మెట్టు మీద నిలబడగలిగితే మన బరువు పదో వంతు తగ్గుతుంది గానీ మనం తేలం.

మరి వాళ్లు ఎందుకు తేలుతున్నారంటే, పడుతున్నారు కాబట్టి. ఆ కేంద్రం సెకనుకు ఏడున్నర కిలోమీటర్లకు పైగా ముందుకు దూసుకుపోతూనే, అదే సెకనులో నాలుగు మీటర్లకు పైగా భూమి వైపు పడుతుంది. భూమి గుండ్రంగా ఉండడం వల్ల అంత దూరంలో నేల కూడా దాదాపు అంతే కిందికి వంగిపోతుంది. అందువల్ల ఎంత పడినా నేల దగ్గరపడదు. కేంద్రమూ, అందులోని మనుషులూ, వాళ్ల చేతిలోని పెన్నూ అన్నీ ఒకే తీరున పడుతుంటే ఏదీ దేని మీదా ఆనదు. బరువు అని మనకు తెలిసేది ఆ ఆనడమే.

దీన్ని మాటలతో చెబితే సగం మందికే ఎక్కుతుంది. ప్లాస్టిక్ సీసాకు అడుగు దగ్గర చిన్న రంధ్రం చేసి నీళ్లు నింపండి. చేత్తో పట్టుకుంటే రంధ్రంలోంచి ధార చిమ్ముతుంది. వదిలేయండి. పడుతున్నంతసేపూ ధార ఆగిపోతుంది, ఎందుకంటే నీరూ సీసా కలిసి పడుతున్నప్పుడు నీరు సీసాను నొక్కదు. నేను మొదటిసారి చేసినప్పుడు ఎవరికీ ఏమీ కనిపించలేదు, నేల మాత్రం తడిసింది. రెండు మీటర్ల ఎత్తు నుంచి పడినా పట్టే సమయం ఆరు పదో వంతుల సెకను మాత్రమే. తర్వాత ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి చూపించడం మొదలుపెట్టాను. ధార తెగిపోయే క్షణం దగ్గర వీడియో ఆపితే గది మొత్తం ఒక్కసారి నిశ్శబ్దమవుతుంది. మీరు కూడా అలాగే చేయండి, కింద బకెట్టు పెట్టుకోవడం మరవకండి.

విమానం, కొలను: రెండూ సగం సగం నిజాలు

ఆ సీసాకు దక్కిన ఆరు పదో వంతుల సెకనును ఇరవై సెకన్లకు సాగదీయడమే శిక్షణ విమానం చేసే పని. విమానం సుమారు 45 డిగ్రీల ఏటవాలుగా పైకి ఎక్కి, ఇంజిన్ల జోరు తగ్గించి, విసిరిన బంతి వెళ్లే దారిలోనే వంపు తిరిగి కిందికి వస్తుంది. ఆ వంపులో సుమారు 20 నుంచి 22 సెకన్లు లోపలివాళ్లు తేలతారు. దానికి ముందూ వెనకా మాత్రం బరువు మామూలుకంటే దాదాపు రెట్టింపు అయినట్టు ఉంటుంది. ఒకే ప్రయాణంలో ఇలా ముప్పై, నలభై సార్లు చేస్తారు. నాసా వాళ్లు ఆ విమానానికి ముద్దుగా పెట్టుకున్న పేరుకు మన భాషలో అర్థం "వాంతుల తోకచుక్క". ఈ మాట వినగానే పిల్లలు నవ్వుతారు. పాఠం గుర్తుండడానికి ఆ నవ్వు పనికొస్తుంది.

ఇక్కడ పిల్లలు తప్పకుండా తప్పటడుగు వేసే చోటు ఒకటుంది. విమానం వంపులో పైకి వెళ్తున్న సగంలో కూడా తేలతారంటే వాళ్లు ఒప్పుకోరు. "పడుతున్నప్పుడు కదా తేలాలి, ఎక్కుతున్నప్పుడు ఎలా" అంటారు. బంతిని పైకి విసిరి, చేతిని వదిలిన క్షణం నుంచే దాన్ని భూమి తప్ప మరేదీ పట్టుకోవడం లేదని, పైకి పోతున్నా దాని వేగం తగ్గుతూ ఉండడం కూడా పడడంలో భాగమేనని ఓపికగా చెప్పండి. అయిదు నిమిషాలు దీనికే పోయినా ఫరవాలేదు. ఇది అర్థమైన పిల్లవాడికి కక్ష్య కూడా అర్థమవుతుంది.

ఇరవై సెకన్లలో పనిముట్టు పట్టుకుని పని నేర్చుకోవడం కుదరదు. అందుకు కొలను కావాలి. అమెరికాలోని హ్యూస్టన్‌లో నాసా నడిపే శిక్షణ కొలను 62 మీటర్ల పొడవు, 31 మీటర్ల వెడల్పు, 12 మీటర్ల లోతు ఉంటుంది, అందులో 2.3 కోట్ల లీటర్లకు పైగా నీరు పడుతుంది. అడుగున అంతరిక్ష కేంద్రం భాగాల నమూనాలు అసలు కొలతలతోనే అమర్చి ఉంటాయి. వ్యోమగామి స్పేస్ సూట్ తొడుక్కుని దిగిన తర్వాత డైవర్లు ఆ సూట్‌కు చిన్న చిన్న బరువులు, తేలే ముక్కలు కట్టి, మనిషి మునగకుండా పైకి తేలకుండా ఉన్నచోటే నిలిచేలా సరిచేస్తారు. బయట ఒక గంట చేయవలసిన పనిని ఇక్కడ కొన్ని గంటలు సాధన చేస్తారు. ఒక్కోసారి ఆరు గంటలు నీటి కిందే ఉంటారు.

అయితే నీరు బరువును తీసివేయదు, మోస్తుందంతే. తేలేది సూట్, లోపలి మనిషి కాదు. కొలనులో తలకిందులైతే శరీరం భారమంతా భుజాల మీద పడుతుంది, రక్తం తలకు దిగుతుంది. కక్ష్యలో తలకిందులు అనే మాటకే అర్థం లేదు. ఇంకొకటి, నీటిలో చేయి ఆపితే కదలిక ఆగుతుంది. పైన ఆపేవారు ఎవరూ లేరు. ఒక్క వేలితో గోడను నెట్టితే ఎదుటి గోడ తగిలేదాకా పోతూనే ఉంటారు. మొదటిసారి వెళ్లినవాళ్లు అక్కడా ఇక్కడా తగులుకుంటూ ఉండడం మామూలే.

సూట్ గురించి ఒక ప్రయోగం. స్పేస్ సూట్ లోపల మనం నేల మీద పీల్చే గాలి పీడనంలో మూడో వంతు కన్నా తక్కువే ఉంటుంది, అదీ శుద్ధమైన ఆక్సిజన్. బయట శూన్యం కాబట్టి ఆ కాస్త పీడనానికే గ్లవ్ గాలి నింపిన బుడగలా బిగుసుకుంటుంది. వేళ్లు ముడిచిన ప్రతిసారీ రబ్బరు బంతిని నొక్కినంత పని. నేను పిల్లలకు రెండు జతల మందమైన గ్లవ్స్ ఒకదాని మీద ఒకటి తొడిగి, పళ్లెంలో ఉన్న నట్టును బోల్టుకు ఎక్కించమంటాను. అందరికంటే చురుకైనవాడే ముందు ఓడిపోవడం చాలాసార్లు చూశాను. నట్టు చేజారి బల్ల కిందికి దొర్లుతుంది, వంగి వెతుకుతాడు. ఆగి, ముందు నట్టును ఎలా పట్టుకోవాలో చూసుకున్న పిల్లే గెలుస్తుంది. ఆ తర్వాత, పైన అయితే జారిన నట్టు ఎక్కడికి పోతుందని అడగండి. స్పేస్‌వాక్‌లో, అంటే నౌక బయటికి వచ్చి పని చేసేటప్పుడు, ప్రతి పనిముట్టునూ తాడుతో కట్టుకుంటారన్న సంగతి వాళ్లే కనుక్కుంటారు.

శిక్షణలో అసలు బరువైన భాగం

సెంట్రిఫ్యూజ్ గురించి పిల్లలు సినిమా చూసినట్టు వింటారు గానీ దాని మీద ఎక్కువసేపు గడపవలసిన పని లేదు. పొడవైన చేయి చివర ఉన్న గదిలో మనిషిని పడుకోబెట్టి గిరగిరా తిప్పుతారు. రష్యా వ్యోమగాముల శిక్షణ కేంద్రమైన స్టార్ సిటీలో ఉన్న పెద్ద సెంట్రిఫ్యూజ్ చేయి పొడవు 18 మీటర్లు. దిగివచ్చేటప్పుడు మామూలుగా నాలుగైదు రెట్ల బరువు పడుతుంది. వ్యోమనౌక మామూలుకంటే నిటారైన దారిలో దిగవలసి వస్తే ఎనిమిది రెట్ల దాకా పోతుంది. అప్పుడు ఊపిరి ఎలా తీసుకోవాలో అక్కడ అలవాటు చేస్తారు.

అంతకన్నా ముఖ్యమైనది ప్రమాదాల సాధన. అంతరిక్ష కేంద్రంలో మూడింటికి ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి: నిప్పు, గాలి బయటికి పోవడం, విషవాయువు. ఇవి ఊహలు కావు. 1997 ఫిబ్రవరిలో రష్యా వారి మీర్ కేంద్రంలో ఆక్సిజన్ తయారు చేసే డబ్బా అంటుకుని మంటలు లేచాయి. అదే ఏడాది జూన్‌లో సరుకుల నౌక ఢీకొని ఒక గదికి చిల్లు పడింది. రెండుసార్లూ లోపలివాళ్లు ప్రాణాలతో బయటపడ్డారు. ఇలాంటి సందర్భాల్లో ఎవరు ఏ తలుపు మూయాలో, ఎవరు మాస్కు అందివ్వాలో శిక్షణలో మళ్లీ మళ్లీ చేయిస్తారు, అదీ శిక్షకులు ఒకదాని మీద ఒకటి కొత్త ఇబ్బందులు పుట్టిస్తుండగా.

చాలామంది పెద్దలు కూడా అనుకునేది ఏమిటంటే, వ్యోమగామి అన్నీ కంఠతా పట్టినవాడై ఉంటాడని. మొదటి కొన్ని క్షణాల పనులు కంఠతా ఉండాలి, నిజమే. మిగతావన్నీ రాసిపెట్టిన వరుస ప్రకారం, ఒక్కో మెట్టు చదివి, ఆ ఒక్కటి చేసి, చేశానని పైకి చెప్పి తర్వాతి దానికి పోతారు. దీన్ని నేను తరగతిలో ఇద్దరిద్దరు పిల్లలతో ఆడిస్తాను. పన్నెండు మెట్లున్న కాగితం ఒకటి ఇస్తాను: ఈ డబ్బా తెరువు, ఎర్ర తాడు తీయి, మూడు ముళ్లు వేయి, మూత మూయి, ఇలాంటివి. మధ్యలో పెద్ద శబ్దం చేస్తాను. కాగితం పక్కన పెట్టి జ్ఞాపకం మీద చేసిన జంట దాదాపు ప్రతిసారీ ఒక మెట్టు మింగేస్తుంది. ఒకరు చదువుతూ ఒకరు చేసిన జంట ఆలస్యంగానైనా పూర్తి చేస్తుంది.

అడవి శిక్షణ సంగతి కూడా చెప్పండి, పిల్లలకు అది కథలా ఉంటుంది. 1965 మార్చిలో సోవియట్ వ్యోమగామి అలెక్సీ లియోనోవ్ మానవ చరిత్రలో మొదటిసారి వ్యోమనౌక బయటికి వచ్చి సుమారు పన్నెండు నిమిషాలు ఉన్నాడు. శూన్యంలో సూట్ ఉబ్బిపోవడంతో, లోపలికి తిరిగి రావడానికి సూట్‌లోని గాలిని కొంత వదిలేయవలసి వచ్చింది. అక్కడితో కష్టాలు తీరలేదు. దిగేటప్పుడు ఆటోమేటిక్ వ్యవస్థ పని చేయక, అతనూ తోటి వ్యోమగామి పావెల్ బెల్యాయెవ్ అనుకున్న చోటికి చాలా దూరంగా ఉరల్ ప్రాంతపు మంచు అడవిలో దిగి రెండు రాత్రులు గడిపారు. రష్యా వారి సోయజ్ నౌకలో వెళ్లేవారికి ఈనాటికీ చలికాలపు అడవిలో నిప్పు రాజేయడం, పారాచూట్ గుడ్డతో గూడు కట్టుకోవడం నేర్పుతున్నారు. 2018 అక్టోబరులో సోయజ్ రాకెట్ పైకి లేచిన కొద్ది నిమిషాల్లోనే చెడిపోయి ఇద్దరు వ్యోమగాములు గడ్డి మైదానంలో క్షేమంగా దిగారంటే ఆ సాధన పాతబడలేదనే కదా.

వీటితోపాటు రష్యన్ భాష, సాటివారికి కుట్లు వేయడం, పంటి నొప్పికి మందు పెట్టడం, పాడైన పంపు విప్పి బిగించడం కూడా నేర్చుకుంటారు. పైన ఉన్న ఆ కొద్దిమందే ఆ కేంద్రానికి ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు, వైద్యులు. మొదటి మౌలిక శిక్షణకే దాదాపు రెండేళ్లు పడుతుంది, ఆపైన ఒక్కో యాత్రకు విడిగా మళ్లీ శిక్షణ ఉంటుంది.

హెల్మెట్‌లో నీరు

శిక్షణ ఎందుకో ఒక్క సంఘటనతో చెప్పమంటే నేను 2013 జులై 16ను ఎంచుకుంటాను. ఇటలీ వ్యోమగామి లూకా పర్మిటానో స్పేస్‌వాక్‌లో ఉండగా మెడ వెనక తడి తగిలింది. నేల మీద అయితే నీరు కిందికి కారి కాళ్ల దగ్గర చేరేది, ఇబ్బందే తప్ప ప్రమాదం కాదు. అక్కడ నీటికి కింద అంటూ లేదు. అది తల వెనక ముద్దలా పట్టుకుని, పెరుగుతూ, తలతన్యత (నీటి పైభాగం సాగదీసిన పొరలా పట్టుకుని ఉండే గుణం) వల్ల చర్మానికి అంటుకుని చెవుల మీదుగా కళ్ల మీదికి, ముక్కు మీదికి పాకింది. చేత్తో తుడుచుకుందామంటే మధ్యలో హెల్మెట్ అద్దం. అదే సమయానికి సూర్యుడు కూడా అస్తమించాడు. కనబడక, సరిగా వినబడక, నోటితో ఊపిరి తీసుకుంటూ, నడుముకు ఉన్న భద్రతా తాడు లాగే దిశను బట్టి, సాధనలో పట్టిన దారిని జ్ఞాపకం చేసుకుంటూ తలుపు దగ్గరికి చేరాడు. తోటి వ్యోమగామి క్రిస్ కాసిడీ అతని వెనకే వచ్చాడు. లోపలికి వచ్చాక చూస్తే హెల్మెట్‌లో లీటరుకు పైగా నీరు పోగైందని తేలింది.

సూట్‌లో నీటిని గాలి నుంచి వేరు చేసే భాగంలోని సన్నని రంధ్రాలు పూడుకుపోవడం దానికి కారణం. అంతకు వారం ముందు జరిగిన స్పేస్‌వాక్‌లో కూడా హెల్మెట్‌లో నీరు కనిపించింది. తాగునీటి సంచి కారిందనుకుని వదిలేశారు. ఆ తర్వాత హెల్మెట్‌లో నీటిని పీల్చుకునే మెత్తని పట్టీ, అవసరమైతే సూట్ కింది భాగంలోని గాలిని పీల్చుకోవడానికి ఒక గొట్టం చేర్చారు. ఈ సంఘటన చెప్పేటప్పుడు భయపెట్టడం కోసం చెప్పకండి. "నీరు ఎందుకు కారిపోలేదు?" అని అడగండి, పిల్లలు మొదటి సూత్రానికి తిరిగి వస్తారు.

పైన ఒక రోజు

ఇక్కడి నుంచి మీరు చెప్పడం తగ్గించి, అడగడం పెంచండి. "ఈ పనిలో బరువు మనకు ఏం సాయం చేస్తోంది?" అన్నదే ప్రతిసారీ ప్రశ్న.

గాలితో మొదలుపెట్టండి, ఎందుకంటే ఇది ఎవరికీ తట్టదు. నేల మీద మనం వదిలే ఊపిరి వెచ్చగా ఉండి పైకి పోతుంది, చల్లగాలి ఆ చోటికి వస్తుంది. పైన వెచ్చని గాలి, చల్లని గాలి అన్న తేడాకు అర్థం లేదు. ఏదీ పైకి పోదు. అందుకే కొవ్వొత్తి మంట అక్కడ పొడవుగా లేవకుండా చిన్న నీలి గోళంలా ఉంటుంది. నిద్రపోయే మనిషి ముఖం ముందే అతను వదిలిన కార్బన్ డయాక్సైడ్ పోగుపడే ప్రమాదం ఉంటుంది. కాబట్టి ఫ్యాన్లు రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటాయి, ఆ హోరు ఎప్పుడూ ఉంటుంది. దీనివల్ల ఒక లాభం కూడా ఉంది. ఎవరిదైనా పెన్నో చెంచానో మాయమైతే కాసేపు ఆగి, గాలిని లోపలికి పీల్చుకునే జాలీ దగ్గరికి వెళ్లి చూస్తారు. గాలి దాన్ని అక్కడికే చేరుస్తుంది.

తిండిలో పెద్ద శత్రువు పొడి. రొట్టె తునకలు కిందపడవు, కంట్లో పడతాయి, యంత్రాల్లో దూరతాయి. అందుకే పొడి రాలని పల్చటి రొట్టెలు వాడతారు, ఉప్పును నీటిలో కలిపి చుక్కలుగా వేసుకుంటారు. చాలా పదార్థాలు ఎండబెట్టినవి. సంచిలోకి వేడినీళ్లు ఎక్కించి నానబెట్టుకుంటారు. జిగురుగా ఉన్న కూర చెంచాకు అంటుకునే ఉంటుంది కాబట్టి మామూలుగానే తినవచ్చు. మొదటి రోజుల్లో ఒంట్లోని ద్రవాలు కాళ్ల నుంచి తల వైపు చేరి ముఖం ఉబ్బుతుంది, జలుబు చేసినట్టు ముక్కు మూసుకుపోతుంది, రుచులు చప్పగా తోస్తాయి. కారం, ఘాటు ఎక్కువగా కోరుకుంటామని చాలామంది వ్యోమగాములు చెప్పారు.

స్నానానికి షవర్ లేదు. తడి తువ్వాలుతో ఒళ్లు తుడుచుకుంటారు, కడగనక్కరలేని షాంపూ తలకు రాసి తువ్వాలుతో తీసేస్తారు. బట్టలు ఉతకరు, వాడినన్నాళ్లు వాడి పారేస్తారు. 2013లో కెనడా వ్యోమగామి క్రిస్ హాడ్‌ఫీల్డ్ తడిగుడ్డను పిండి చూపించాడు. నీరు కారకుండా గుడ్డ చుట్టూ గొట్టంలా, చేతుల మీద జిగురులా పట్టుకుని ఉండిపోయింది. ఆ ప్రయోగాన్ని సూచించింది ఇద్దరు పాఠశాల విద్యార్థినులు. ఈ ముక్క మీ పిల్లలకు తప్పకుండా చెప్పండి.

టాయిలెట్ ప్రశ్న ఎలాగూ వస్తుంది. దాటవేయకండి, నవ్వనిచ్చి సమాధానం చెప్పండి. నేల మీద బరువు చేసే పనిని అక్కడ గాలి పీల్పు చేస్తుంది, సూత్రం వాక్యూమ్ క్లీనర్‌దే. సరిగ్గా కూర్చోవడం కూడా నేర్చుకోవలసిన పనే కాబట్టి అమెరికా స్పేస్ షటిల్ నౌకలు ఎగిరిన కాలంలో శిక్షణ టాయిలెట్ లోపల కెమెరా పెట్టి మరీ సాధన చేయించేవారు. మూత్రం, చెమట, ఊపిరిలోని తేమ అన్నీ శుద్ధి చేసి మళ్లీ తాగునీరుగా మారుస్తారు. 2023లో నాసా, కేంద్రంలోని అమెరికా భాగపు వ్యవస్థలో 98 శాతం నీటిని తిరిగి రాబట్టగలిగినట్టు ప్రకటించింది. మలాన్ని సంచుల్లో మూసి, చెత్తతోపాటు సరుకుల నౌకలో వేస్తారు. ఆ నౌక వాతావరణంలోకి దిగుతూ కాలిపోతుంది.

నిద్రకు మంచం ఎందుకు అక్కరలేదో ఈపాటికి పిల్లలే చెబుతారు. టెలిఫోన్ బూత్ అంత గదిలో గోడకు కట్టిన సంచిలో దూరి పడుకుంటారు. చేతులు వదిలేస్తే అవి ముందుకు లేచి ఉంటాయి. తొంభై నిమిషాలకు ఒకసారి భూమిని చుట్టడం వల్ల రోజుకు పదహారు సూర్యోదయాలు వస్తాయి. కాబట్టి కిటికీ చూసి కాకుండా గడియారం చూసి పడుకుంటారు.

వ్యాయామానికి మాత్రం కాస్త సమయం ఇవ్వండి. బరువు మోయని ఎముక పలచబడుతుంది. వ్యాయామం లేకపోతే నడుము, తొడ ఎముకల్లో నెలకు ఒకటి నుంచి ఒకటిన్నర శాతం దాకా సాంద్రత పోతుంది. అందుకే రోజుకు దాదాపు రెండు గంటలు కసరత్తు చేస్తారు. పరుగు యంత్రం మీద ఎగిరిపోకుండా సాగే పట్టీలతో కట్టుకుంటారు. ఇనుప బరువులు అక్కడ ఎత్తితే లాభం లేదు కాబట్టి గాలి తీసేసిన సిలిండర్లను లాగే యంత్రం ఉంటుంది.

మరి తాము తగ్గారో పెరిగారో ఎలా తెలుసుకుంటారు? తూకం యంత్రం సున్నా చూపిస్తుంది. ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న. హాక్సా బ్లేడును బల్ల అంచుకు బిగించి, కొసకు రెండు నాణేలు అతికించి మీటండి, ఊపులు లెక్కపెట్టండి. ఆరు నాణేలు అతికించి మళ్లీ మీటండి, ఊపు నెమ్మదిస్తుంది. వ్యోమగామిని కూడా స్ప్రింగుకు కట్టి కదిలించి, ఆ కదలిక తీరును బట్టి అతని ద్రవ్యరాశి లెక్కగడతారు. బరువు, ద్రవ్యరాశి వేర్వేరు అని పాఠ్యపుస్తకం చెప్పే వాక్యం అప్పుడు పిల్లలకు అర్థమవుతుంది.

తిరిగి వచ్చాక ఒళ్లు మళ్లీ బరువుకు అలవాటుపడాలి. సోయజ్‌లో దిగినవారిని కుర్చీల్లో కూర్చోబెట్టి మోసుకెళ్లడం టీవీలో చూసే ఉంటారు. కొన్నాళ్లు నిలబడితే తూలుతారు. దిగాక తన పెదవుల, నాలుక బరువు కూడా తనకు తెలిసిందని, మాట్లాడే తీరు సవరించుకోవలసి వచ్చిందని హాడ్‌ఫీల్డ్ చెప్పాడు. అనుకున్న తేదీకి రాగలమన్న హామీ కూడా ఉండదు. 2024 జూన్‌లో సుమారు ఎనిమిది రోజులకని వెళ్లిన సునీతా విలియమ్స్, బుచ్ విల్‌మోర్ 286 రోజుల తర్వాత 2025 మార్చిలో దిగారు. ఓపికను ఏ కొలనులోనూ నేర్పలేరు, మనుషుల్ని ఎంచుకునేటప్పుడే చూస్తారు.

మీ పీరియడ్ విషయానికి వస్తే, సీసా ప్రయోగానికి పది నిమిషాలు, గ్లవ్స్ ఆటకు పది, మిగతా సమయం పిల్లల ప్రశ్నలకు వదిలేయండి. సెంట్రిఫ్యూజ్, అడవి కథలు సమయం మిగిలితేనే. బ్లేడు ప్రయోగాన్ని మరో రోజుకు ఉంచుకోండి, అది లెక్కల పీరియడ్‌కు కూడా పనికొస్తుంది. కేంద్రం మీ ఊరి మీదుగా పోయే వేళ ముందే చూసుకుని, చీకటి పడిన కొద్దిసేపటికి మినుకుమినుకుమనకుండా నిలకడగా సాగిపోయే చుక్కను పిల్లలకు చూపించండి. ఆ ఆసక్తి నిలబడితే, హ్యామ్ రేడియో (ఔత్సాహికులు నడిపే రేడియో) ద్వారా వ్యోమగాములతో నేరుగా మాట్లాడే అవకాశం బడులకు ఉంది, దరఖాస్తు చేసుకోవాలి. కేంద్రం ఒక దిక్కున పొడిచి మరో దిక్కున మునిగేలోపు సుమారు పది నిమిషాలే దొరుకుతాయి. కాబట్టి ప్రశ్నలు ఒక్కో వాక్యానికి మించకుండా రాయించి, వరుసలో నిలబెట్టి, గడియారం పెట్టుకుని నాలుగైదుసార్లు చెప్పించండి.